ముక్కల చొక్కా

"ఈ ఎర్ర ముక్క ఏంటి?"

"డెల్టాయిడ్."

"దాని పని?"

"చెయ్యి పక్కకి ఎత్తడం."

"వీపు మీద ఆకుపచ్చది?"

ఆమె తడబడింది. "ట్రపీజియస్... కాదు కాదు, అది పైన పసుపుది. ఇది లాటిస్సిమస్ డోర్సై."

"అద్గదీ!" అన్నాడు టైలర్, భార్య వైపు వీపు పెట్టి నిలబడే.

అతని ఒంటి మీదున్న చొక్కాలో పద్దెనిమిది రంగుల ముక్కలున్నాయి. ఒక్కో కండరానికి ఒక్కో ముక్క. పుస్తకంలో బొమ్మలు ఎంత చూసినా ఆమెకి పేర్లు గుర్తుండటం లేదని, షాపులో మిగిలిపోయిన గుడ్డలు కత్తిరించి, కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా అక్కడికే కుట్టు వేశాడు. రెండు నెలలుగా, షాపు తెరవకముందే అది తొడుక్కుని కటింగ్ టేబుల్ పక్కన నిలబడుతున్నాడు. పడుకోవడం కూడా ఆ టేబుల్ మీదే. లోపలి గదిలో ఆమె చదువుకోవాలి కదా!

మూలన కూర్చుని కాజాలు కుట్టే పిన్ని సూది ఆపి నవ్వింది. "ఆ వేషంతో వీధిలోకి వెళ్లకు నాయనా, కుక్కలు వెంటపడతాయి."

"పరీక్ష అయ్యాక నీకే ఇచ్చేస్తాలే. దిండుకి తొడిగేసుకో."

పర్సనల్ ట్రైనర్ సర్టిఫికెట్ పరీక్ష. రాయడం ఇది మూడోసారి. ఈసారీ తప్పితే మళ్లీ రెండేళ్లదాకా రాయనివ్వరు. పాసైతే మాత్రం ఉద్యోగం ఖాయం. నాలుగు వీధుల అవతలి జిమ్ మేనేజర్ కాగితం మీద రాసిచ్చాడు.

"మొదటిసారే నువ్వీ చొక్కా కుట్టి ఉంటే, ఈ పిల్లకి ఇన్ని తిప్పలుండేవా?" అంది పిన్ని.

"అప్పుడు బుద్ధి లేదు పిన్నీ."

"మరి ఇప్పుడెక్కణ్నుంచి ఊడిపడింది?"

అతను చొక్కా అంచు సర్దుకున్నాడు. రెండోసారి తప్పిన రోజు ఆమె ఎవరి ముందూ ఏడవలేదు. బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పుకుంది. నీళ్ల చప్పుడు ఆగేదాకా అతను తలుపు బయటే నిలబడ్డాడు. మర్నాడు ఆమె పుస్తకం తనే తెరిచాడు.

"ఇక ప్రశ్నలు కానీ," అన్నాడు ఇటు తిరిగి.

కొత్త క్లయింటుతో కసరత్తు మొదలుపెట్టించే ముందు అడగాల్సిన ప్రశ్నల ఫారం ఒకటుంది. ఆమె అట్ట మీద కాగితం పెట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"రోజుకి ఎన్ని గంటలు నిద్రపోతారు?"

"ఏడు."

"అబద్ధం చెప్పే క్లయింటుకి ప్లాన్ రాయలేను."

"నాలుగు."

"మనసులో ఒత్తిడి ఏమైనా ఉందా?"

"ఉంది."

"కారణం?"

"మా ఆవిడ పరీక్ష."

పిన్ని పకపకా నవ్వింది. ఆమె నవ్వలేదు. తల వంచుకుని ఫారంలో ఏదో రాసుకుంది.

ప్రాక్టికల్ పరీక్షకి ఎవరి క్లయింటుని వాళ్లే తీసుకెళ్లాలి. ఆమె అతన్నే తీసుకెళ్లింది.

పొడవాటి గది, నాలుగు గోడలకీ అద్దాలు. పరీక్ష పెట్టేవాడు ఓ పక్కన నిలబడి మార్కుల కాగితంలో గడులు నింపుతున్నాడు. ఆమె ప్రశ్నలన్నీ అడిగింది, వార్మప్ చేయించింది. తర్వాత స్క్వాట్స్, పదిసార్లు కూర్చుని లేవాలి.

ఇరవయ్యేళ్లుగా మిషన్ తొక్కిన కాలు అతనిది. కూర్చుని లేచే ప్రతిసారీ కుడి మడమ కొంచెం పైకి లేస్తుంది. షాపులో అయితే "మడమ! మడమ!" అని అరిచేది. ఇక్కడ భయంతో ఆమె కళ్లు స్టాప్‌వాచ్‌కే అతుక్కుపోయాయి. ఒకటి. రెండు. మూడు. మడమ లేస్తూనే ఉంది. పరీక్షాధికారి పెన్ను ఆ గడి మీద ఆగింది. క్లయింటు చేసే తప్పు పట్టుకోలేని ట్రైనర్‌కి మిగతా మార్కులు ఎన్నొచ్చినా ఫెయిలే.

ఇంకా రెండే మిగిలాయి.

అద్దంలో అతను భార్య మొహం చూశాడు. పాలిపోయి ఉంది. బాత్రూము తలుపు తెరుచుకుని బయటికొచ్చిన నాటి మొహం.

తొమ్మిదోసారి కూర్చుంటూ మడమ బాగా పైకెత్తి, కావాలనే తూలాడు.

"మడమ!"

ఆమె ఒక్క అంగలో వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. రెండు చేతులతో అతని మడమని నేలకి అదిమింది. "బరువంతా మడమ మీద వేయండి. భయం లేదు, నేను పట్టుకున్నాను."

ఆమె అతన్ని ముట్టుకుని చాలా కాలమైంది.

పెన్ను కదిలింది.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం ఫలితం వచ్చింది. పాస్. జిమ్ వాళ్లు సోమవారం నుంచి రమ్మన్నారు.

"నా బంగారు తల్లి గెలిచిందర్రా!" అంటూ పిన్ని చేతిలో ప్యాంటుతో సహా వీధిలోకి పరిగెత్తింది.

షాపులో ఇద్దరే మిగిలారు. ఆమె సంచిలోంచి కవరు తీసి కటింగ్ టేబుల్ మీద పెట్టింది.

"ఇవాళే అక్కర్లేదు," అంది మెల్లగా.

"మాటంటే మాటే."

అతను కళ్లజోడు పెట్టుకున్నాడు. కవరులోని కాగితాలు తీసి, ఆమె పెన్సిల్‌తో గుర్తు పెట్టిన మూడు చోట్లా నిదానంగా సంతకం చేశాడు.

"మీరు లేకపోతే నేను పాసయ్యేదాన్ని కాదు."

"తెలుసు," అన్నాడు.

ఉద్యోగం వస్తేనే విడాకులిస్తానని షరతు పెట్టింది అతనే.