గుమ్మం మీది రంగు

చిన్న కొట్టయినా పెద్ద కంపెనీ అయినా, దాని లాభనష్టాలు ఇప్పుడు గుమ్మం మీదే వెలుగుతున్నాయి. లాభమైతే పచ్చ, నష్టమైతే ఎరుపు. ఉగాది నుంచీ మస్తాన్ టీ కొట్టు మీద ఎరుపే.

రోజూ వచ్చే మాస్టారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"నష్టాల్లో ఉన్నావు. ఏ పాలు పోస్తున్నావో ఏంటో."

"మీరొచ్చి తాగితేనే కదండీ పచ్చగయ్యేది," అన్నాడు మస్తాన్. మాస్టారు అప్పటికే రోడ్డు దాటేశారు.

మధ్యాహ్నం మిగిలిన పాలు పారబోసి, షట్టర్ దించాడు. ఆకలి దంచేస్తోంది. పక్క కొట్టులో కోటమ్మ అతన్ని చూడగానే ప్లేటు కడిగింది.

"రా అన్నా. వేడి ఇడ్లీ. ఇయ్యాల బోణీ నీదే."

మస్తాన్ తలెత్తి చూశాడు. ఎరుపు. పిండి ఎప్పటిదో అనిపించింది.

"ఆకలి లేదమ్మా," అని రోడ్డు దాటి, పచ్చగా వెలుగుతున్న హోటల్లోకి వెళ్లాడు.