కుళ్లాయప్ప విడిచిన కొమ్మ

చీనీ బత్తాయి తోటల్లో ఇప్పుడు కత్తెర పట్టే మనుషులు లేరు, కొమ్మలన్నీ మరలే కత్తిరిస్తాయి. ఆ పనితనమంతా కుళ్లాయప్పదే. బతికుండగా ఆయన మూడేళ్లు చేతి కదలికలను పట్టుకునేలా కంపెనీ ఇచ్చిన తొడుగు వేసుకుని పనిచేస్తే, ఆ చేతి నేర్పంతా మరల్లోకి ఎక్కించారు.

ఆయన పోయి రెండేళ్లయింది. భార్య ఓబులమ్మ మర వెనకాలే నడుస్తూ కోతలకు మందు పూస్తుంది.

"అక్కా, మరల్లో తప్పు దొరికింది," అంది సూపర్‌వైజర్ మాబున్నీ. "చెట్టుచెట్టుకూ ఒక కిందికొమ్మ ఇడిచిపెడతాండాయి. జిల్లా అంతా ఇంతే. వానకు బురద చింది తెగులొస్తాంది. ఎందుకు ఇడుస్తాండాయో ఎవురికీ తెలీదు."

ఓబులమ్మకు తెలుసు. ఆమె పొట్టిది. మధ్యాహ్నానికి ఏ చెట్టు దగ్గరుంటారో తెలియదు గనుక, సద్దిమూట తగిలించడానికి ఆమెకు అందేలా ప్రతి చెట్టుకూ ఒక కొమ్మ ఉంచేవాడు కుళ్లాయప్ప. సాయంత్రం తొడుగు విప్పేశాక, ఇంటికి పోతూ వాటిని కోసేసేవాడు. ఆ కోత మరలు చూడలేదు.

"కోసేయమను తల్లీ," అంది. "చెట్లకు తెగులొస్తే ఆయప్ప ఓర్చుకోడు."

కంపెనీ ఆ పూటే మరలను సరిదిద్దింది. ముందున్న మర కిందికొమ్మను నున్నగా కోసింది. తర్వాత దాని చెయ్యి వెనక్కి పోలేదు. కొమ్మ ఉన్న చోటికే, ఓబులమ్మ భుజమెత్తుకు దిగి, అక్కడ ఆగింది.

ఆమె సద్దిమూట తెచ్చి దానికి తగిలించింది.

మాబున్నీ ఫోను మోగింది. విని, తెల్లబోయింది.

"అన్ని తోటల్లోనూ మరలు ఇట్లే చెయ్యి చాపి నిలబడిపోయినాయంటక్కా. ఎంతకీ కదలడంల్యా."

ఓబులమ్మ దగ్గరున్నది ఒక్క మూటే.