మూడోసారికి పట్టే బ్రేకు

వేలంలో కొన్న పాత మిలిటరీ లారీని నా కొడుకు సైదులు సూర్యాపేటలో మా ఇంటి ముందే బాగుచేశాడు. కోదాడ పాత సామాన్ల కొట్లో తలుపులు, సీట్లు దొరికాయి. రంగు తనే వేశాడు. బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి పైసలు అయిపోయాయి. మూడుసార్లు తొక్కితే గానీ అవి పట్టవు.

వాడు లారీ కింద దూరినప్పుడల్లా జాకీ జారుతుందేమోనని నా ప్రాణం కొట్టుకునేది. దాన్ని రోడ్డు ఎక్కించనని నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను.

ఇవాళ పొద్దున దామరచర్ల నుంచి మేస్త్రి యాదగిరి వచ్చాడు. కూలీలను పనికి తీసుకుపోవడానికి బండి కావాలట. అంతా చూసి, చివరికి నా ముందు కూర్చున్నాడు.

“పెద్దమ్మా, అమ్మెటోడు వంద చెప్తడు. నువ్వు చెప్పు, బ్రేకులు మంచిగున్నయా?”

ఇది అమ్ముడుపోతే నా కొడుకు బతికిపోతాడు. నాకు అదొక్కటే తోచింది.

“మంచిగ లేకుంటే నా కొడుకును ఎక్కనిస్తనా అయ్యా? రోజు మావోడే తోలుతడు.”

యాదగిరి నోట్ల కట్టలు నా ఒళ్లోనే పెట్టాడు. “అయితే తమ్మీ, ఇయ్యాల నువ్వే తోలు. మిర్యాలగూడ అడ్డా మీద మా కూలోళ్లు ఇరవై మంది ఎదురు సూస్తున్నరు. ఎక్కించుకొని పోదాం.”

సైదులు స్టీరింగు పట్టుకుని నా వైపు చూశాడు.

నిజం చెబితే ఒళ్లో డబ్బు వెనక్కి పోతుంది.

“జర పైలం బిడ్డా, మెల్లగ పో,” అన్నాను.