హాస్టలు సీటు

“కిరస్తానం పుచ్చుకుని హరిజన హాస్టల్లో సీటెలా అడుగుతున్నావయ్యా?” అన్నాడు వరండాలో కూర్చున్న హాస్టళ్ళ ఇన్‌స్పెక్టరు.

“నాను కిరస్తానీని కాదు బాబూ,” అన్నాడు తిమోతి. “నా పేరు ఎర్రయ్య. కాయితాల్లో సూడండి.”

కాగితాల్లో అదే ఉంది. బాప్తిస్మంలో వచ్చిన పేరు ఏ కాగితానికీ ఎక్కలేదు. ఎనిమిదేళ్ళ రూతు తండ్రి పంచె పట్టుకుని నిలబడింది. కాగితాల్లో దాని పేరు నూకాలు. పొద్దుట దారి పొడుగునా ఆ పేరే దానిచేత వల్లె వేయించాడు.

“మరి ఆదివారం ఆదివారం చర్చీలో కూకుని పాటలు పాడేది ఎవుడ్రా? మీ తాతా?” అన్నాడు అప్పలరాజు. తిమోతి మీద అర్జీ పెట్టింది అతనే. ఇద్దరిదీ ఒకే పేట. ఉన్నది ఒక్క సీటు. అప్పలరాజు కూతురికీ అదే కావాలి.

“పాట బాగుంటాదని కూకుంటాను మామా. నువ్వూ రా ఓపాలి. నీ గొంతుకూడా బాగుపడతాది.”

బంట్రోతు కిసుక్కున నవ్వాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు.

“పిల్ల తల్లి ఏదీ?”

“ఏసంగి ఎండల్లో జొరమొచ్చి పోనాది బాబూ. నాను సీకటుండగానే బెల్లం మండీకి మూటలెత్తడానికెల్లిపోతాను. పొద్దోయి వత్తాను. పిల్లకి గంజి పోసే దిక్కు లేదు. అందుకే తవఁరి కాళ్ళట్టుకుంతన్నాను.”

“ఎక్కడ పాతిపెట్టావు ఆవిణ్ణి?”

తిమోతి పిల్లని దగ్గరికి లాక్కున్నాడు.

“నాను సెప్తాను బాబూ,” అన్నాడు అప్పలరాజు. “కిరస్తానీల సమాదుల తోటలో. నెత్తికాడ కర్ర సిలువ కూడా పాతేడు. ఈడు కిరస్తానీ కాకపోతే ఆ సిలువ పీకి తెమ్మనండి. తెత్తే సీటు నాకొద్దు, ఆడి పిల్లకే ఇచ్చీయండి.”

ఇన్‌స్పెక్టరుకి ఒంటిగంటకి విశాఖపట్నం బస్సుంది. “అలాగే కానీ. పన్నెండులోపు తీసుకురా,” అన్నాడు.

తిమోతి కూతురివైపు చూశాడు. వంటింట్లోంచి పప్పు ఉడుకుతున్న వాసన వస్తోంది. పిల్ల అటే చూస్తోంది.

పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళేసరికి సమాధుల తోటలో ఎవరూ లేరు. ఆ తాటికర్ర సిలువని చెక్కింది అతనే, పాతింది అతనే. గట్టిగా పాతి ఉంటే బాగుండేది, రాలేదని చెప్పుకునేవాడు. వానలకి నేల నాని ఉంది. ఒక్క లాగుకే వచ్చేసింది.

“పెబువా, నన్నేటి సేత్తావో సెయ్యి. పిల్ల జోలికెల్లకు,” అనుకుని గుంటని కాలితో పూడ్చాడు. రూతు పక్కనే నిలబడి అంతా చూసింది.

సిలువని తెచ్చి హాస్టలు వరండాలో పెట్టేసరికి అప్పలరాజు ముఖంలో నెత్తురు లేదు. తెస్తాడని అతను అనుకోలేదు.

“పెళ్ళాం సమాదిరా అది! ఎంతకైనా తగుదువు,” అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి, కింద 6–7–64 అని తేదీ వేశాడు.

“ఈ కర్రేటి సెయ్యమంటారు బాబూ?” అన్నాడు బంట్రోతు.

“వంటింట్లో పడెయ్. పొయ్యిలోకి పనికొస్తుంది.”

తిమోతి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఇన్‌స్పెక్టరుకి అనుకున్నారందరూ.

పిల్లని పంక్తిలో కూర్చోబెట్టారు. ముందు విస్తరి, పొగలు కక్కే అన్నం, మీద పప్పు. తిమోతి కిటికీ అవతల నిలబడ్డాడు. మూడు నెలలయింది ఆ పిల్ల వేడన్నం మొహం చూసి.

“తినమ్మా. కడుపునిండా తిను.”

రూతు చెయ్యి పెట్టలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

“ఏటే, నానెల్లిపోతానని బెంగా? వారం వారం వత్తాను గదా.”

“అందుక్కాదయ్యా. పెబువొచ్చినప్పుడు సమాదుల్లోంచి మనోళ్ళందర్నీ లేపి అట్టుకెల్లిపోతాడని నువ్వే సెప్పేవు గదా...”

“అవును. అయితే?”

“సిలువ లేదు గదా. ఆ రోజున అమ్మొక్కర్తే అక్కడ పడుకుండిపోతాదేటి?”