మోకు పొడవు

ఇట్లా దగ్గరికి జరగండి. గట్టిగా చెప్పుకునే కథ కాదు ఇది.

తుంగభద్ర కాలువ కోసం నేల కొలుస్తున్న రోజులు. ఆదోని దాటి ఎమ్మిగనూరు వైపు పోతుంటే నిట్టనిలువు బండ ఒకటి ఉండేది. దాని నడుమ పెద్ద తేనెపట్టు. గిడ్డయ్య ఏటా పైనుంచి మోకు పట్టుకుని దిగి, పట్టు కోసుకుని, అట్లాగే కింద నేల మీదికి చేరేవాడు.

పైన మోకు ముడి దగ్గర కాపలా కూర్చునేది మాత్రం భార్య తమ్ముడే. సొంత అన్నదమ్ములను కూడా నమ్మరు. అక్క తాళి ఆ ముడిలో ఉంటుంది కాబట్టి బామ్మర్ది రెప్ప వేయడు. తేనె దించేవాళ్లలో అదీ కట్టడి. గిడ్డయ్య భార్య మారెమ్మ. ఆమె తమ్ముడు తిక్కయ్య.

ఆ పొద్దున బండ కింద సర్వేయరు శేషప్ప పని చేసుకుంటున్నాడు. గిడ్డయ్య భుజాన ఉన్న మోకు చుట్ట చూసి, "ఇది నేల దాకా అందుతుందా?" అన్నాడు.

"అందుతాది లే సారూ."

శేషప్ప ఊరుకోలేదు. కొలత యంత్రాన్ని మూడు కాళ్ల మీద నిలిపి బండ కొసకు గురిపెట్టాడు. చూపు నిలువుకూ అడ్డానికీ సరిగ్గా మధ్యన నిలిచేదాకా వెనక్కి వెనక్కి జరిగాడు. అక్కడినుంచి బండ మొదలు దాకా కొలత గొలుసు పరిపించాడు.

"నేల మీద ఈ దూరమెంతో బండ ఎత్తూ అంతే. పైన యంత్రం ఎత్తు కలపాలి." మోకు కూడా కొలిచి తల అడ్డంగా ఊపాడు. "పదిహేను అడుగులు తక్కువ."

"దుంకుతా పో," అన్నాడు గిడ్డయ్య.

"దుంకుతావప్పా, నీకేమి! బొట్టు చెరుపుకునేది మా యక్క," అన్నాడు తిక్కయ్య. "మీ ఇంట్లో అటక మీద ఇంకో మోకు ఉండాది కదా. తెస్తా."

"నువ్వొద్దు. నేను పోతా."

"తేనె దించేటోనివి, కాళ్లు అలిసేట్టు చేసుకుంటావా? కూసో బావా!" అంటూనే పరుగు తీశాడు.

తిరిగి వచ్చేసరికి ఎండ ముదిరింది. భుజాన మోకు ఉంది. మొహమంతా చెమట.

"మీ యక్క ఏమనె?" అడిగాడు గిడ్డయ్య.

"పండుకోనుండాది. లేపలేదు."

గిడ్డయ్య ఊపిరి వదిలాడు. "మంచి పని చేసినావు. రాత్రంతా జ్వరం దానికి."

రెండు మోకులూ కలిపి కట్టి ఇద్దరూ పైకెక్కారు. శేషప్ప కిందినుంచి చూస్తున్నాడు. మోకు కొస నేలను తాకింది. గిడ్డయ్య దిగాడు. పొగ పెట్టాడు. ఈగలు లేచాయి. కత్తి తీశాడు.

మోకు మొత్తం అతనితోపాటే కిందికి వచ్చేసింది.

శేషప్ప పరుగెత్తి పోయేసరికి ప్రాణం లేదు. "నా లెక్కే చంపిందా?" అంటూ పిచ్చిపట్టినట్టు మళ్లీ గొలుసు పరిచాడు. లెక్క తప్పలేదు. మోకు తెగలేదు. రెండింటినీ కలిపిన ముడి కూడా చెక్కు చెదరలేదు. పైన బండకు కట్టిన కొస మాత్రం విప్పి ఉంది.

తిక్కయ్య మెల్లగా దిగి వచ్చాడు.

ఈ కథ మీరు రేపు ఎవరికైనా చెబితే, కొలత తప్పి మనిషి పోయాడని చెప్పకండి. తిక్కయ్య అన్న మాట గుర్తు పెట్టుకుని, ఉన్నదున్నట్టు అదే చెప్పండి:

"నీ లెక్క నిజమే సారూ, మోకు కోసరం పోయి తలుపు తీస్తే, ఈ బావే గొంతు పిసికి సంపి దుప్పటి కప్పిపెట్టిన మా యక్క కనబడె."