చప్పట్లు

“కాలు కదపకు కెండ్రిక్. మోకాల్లో లిగమెంట్ తెగింది. ఈ సీజన్‌కి ఇక ఆట లేదు,” అని చెప్పి డాక్టరు బయటికి వెళ్ళాడు.

అంతలోనే తల్లి వెర్నెల్ రొప్పుతూ స్టేడియం కింది గదిలోకి వచ్చింది.

“నా పక్కనున్నవాడు ఈల వేశాడురా! వీళ్ళ నోళ్ళు పడిపోను!”

ఏప్రిల్లో అమెరికా దేశంలో ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళందరిలోకీ మొట్టమొదట కెండ్రిక్‌నే ఎంచుకుంది ఈ ఊరి జట్టు. ఓ తరం నుంచీ కప్పు మొహం చూడని ఊరు అతన్ని దేవుడంది. వరసగా ఓడుతుంటే ఆ నోళ్ళతోనే తిట్టింది. ఇవాళ అతను మోకాలు పట్టుకుని కూలిపోతే, పీడ వదిలిందన్నట్టు జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

“పోనీలే అమ్మా.”

“ఏం పోనీ? నా బిడ్డ పడిపోతే వీళ్ళకి పండగా?”

కెండ్రిక్ తువ్వాలులో మొహం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

“ఏడవకు నాన్నా. కాలు నయమవుతుంది. వచ్చే ఏడు ఆడి చూపిద్దువుగాని.”

“అందుక్కాదమ్మా.” అతను తువ్వాలు దించాడు. “మోకాలు పటుక్కుమన్నప్పుడు ఎంత హాయిగా అనిపించిందో! వచ్చే ఆదివారం ఆడక్కర్లేదనుకున్నా. వాళ్ళకంటే ముందు నేనే సంతోషించాను.”

వెర్నెల్ నేలమీద కూర్చుని, అతని రెండో కాలికి ఇంకా ఉన్న బూటు విప్పబోయింది. ముడి ఒక పట్టాన రాలేదు.