పంచదార డబ్బా వెనక మాత్రలు

“ఇవి దేనికి వాడతారో చెప్పండి బాబాయిగారూ. అంతే, ఇంకేం అక్కర్లేదు.”

రబ్బరు బ్యాండు చుట్టిన అయిదు స్ట్రిప్పులను అతడు కౌంటరు అద్దం మీద పెట్టాడు. నాలుగు ఖాళీవి. అయిదోదానిలో ఆరు మాత్రలు మిగిలి ఉన్నాయి.

అతడు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. మొహం చూసే టికెట్టు కొననివాణ్ణి పట్టేస్తాడని డిపోలో పేరు. అతని వెనక బెంచీ మీద భార్య కూర్చుని ఉంది. ఆమె కాళ్ల దగ్గర బట్టల బ్యాగు ఉంది.

మందుల షాపాయన స్ట్రిప్పు తిప్పి చదివాడు. “వాలసైక్లోవిర్. హెర్పిస్ అనే వైరస్‌కి వాడతారు. జ్వరం వచ్చి తగ్గాక పెదవి చివర పొక్కులు లేస్తాయే, వాటికి ఇదే.” స్ట్రిప్పు మళ్లీ అద్దం మీద పెట్టాడు. “మర్మావయవాల దగ్గర లేచే పొక్కులకీ ఇదే.”

“విన్నావా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరగకుండానే.

“నావి కావని పొద్దుట్నుంచీ చెప్తూనే ఉన్నాను. పంచదార డబ్బా వెనక ఎవరు పెట్టారో నాకేం తెలుసు?”

“ఇంట్లో ఉన్నది ముగ్గురం. గోడలు మింగుతున్నాయా మరి?”

అప్పుడే అతని తల్లి గుమ్మం పట్టుకుని మెట్లెక్కింది. కోడలిని పుట్టింటి బస్సు ఎక్కించేస్తానని చెప్పి కొడుకు బయల్దేరితే, మోకాళ్ల నొప్పితో అంత దూరమూ నడిచి వచ్చింది. కాసేపు ఆయాసం తీర్చుకుంది.

“అవి నావిరా.”

“నీకెందుకమ్మా ఇవి?”

“పెదవి పుళ్లకి.”

షాపాయన మనసు తేలికపడింది. తగాదా తీరిపోయిందనే అనుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం తల్లి మొహాన్ని టికెట్టు చూసినట్టు చూశాడు.

“బాబాయిగారూ, మాత్ర రెండింటికీ ఒకటే అన్నారు. వాడే పద్ధతి కూడా ఒకటేనా?”

అడిగిన ప్రశ్నకు కచ్చితమైన జవాబు ఇవ్వడం షాపాయనకు నలభై ఏళ్ల అలవాటు. ఉన్నదున్నట్టు చెబితే ఎవరికీ చెడు జరగదని ఆయన నమ్మకం.

“కాదు. పెదవికైతే చురుక్కుమనగానే నాలుగు మాత్రలు, పన్నెండు గంటల తర్వాత మళ్లీ నాలుగు. ఒక్కరోజుతో సరి. రెండోదానికైతే మొదటిసారి వారం, పదిరోజులు మింగాలి. మాటిమాటికీ తిరగబెడుతుంటే రోజుకొకటి చొప్పున నెలల తరబడి వాడమంటారు. ఏ మాత్రా ఆ వైరస్‌ని పూర్తిగా తీసెయ్యదు. నరాల మొదట్లో దాక్కుంటుంది. అణచి ఉంచడమే మనం చెయ్యగలిగింది.”

“అమ్మా, నువ్వెలా వేసుకుంటావు?”

“రోజుకొకటి.” అనేశాక ఆమెకు పొరపాటు తెలిసింది.

“పెదవి పుళ్లకీ రోజూ వాడేవాళ్లుంటారు,” అని షాపాయన అందుకున్నాడు. “తరచూ వస్తుంటే.”

“తరచూ వస్తుందా అమ్మా?”

“వస్తూనే ఉంటుంది.”

“నాకు ముప్పై నాలుగేళ్లు. నీ మూతి మీద చీమ కుట్టిన గుర్తు కూడా చూళ్లేదు. బాబాయిగారూ, అమ్మ మందులన్నీ మీ దగ్గరే కదా. ఇవెప్పుడైనా కొన్నదా?”

బీపీకి ఒకటి, మోకాళ్లకు ఒకటి, నిద్రకు అప్పుడప్పుడు సగం. ఆమె చీటీ షాపాయనకు కంఠస్థం. తనవైపే చూస్తున్న ఆమెను చూసి తలవంచుకున్నాడు.

“లేదు,” అన్నాడు.

“చూశావా? కోడల్ని కాపాడ్డానికి నోటికొచ్చిన అబద్ధం ఆడేస్తోంది. అమ్మా, పెదవి పుండు అబద్ధమా, కాదా? నా మీద ఒట్టేసి చెప్పు.”

ఆమె ఒట్టు వెయ్యలేదు.

షాపాయన కౌంటరు తలుపు తీసుకుని ఇవతలికి వచ్చాడు. “ఒక్కమాట విను బాబూ. ఒకవేళ ఇవి అమ్మాయివే అనుకో. అయినా తప్పుచేసిందని దానర్థం కాదు. ఈ వైరస్ బయటపడకుండా ఏళ్లకేళ్లు ఒంట్లో ఉంటుంది. ఎవరి నుంచి ఎప్పుడొచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేడు. నీ దగ్గర్నుంచే వచ్చి ఉండొచ్చు. ఉన్నవాళ్లలో చాలామందికి ఉన్నట్టే తెలీదు.”

“నాకా? బాగుంది. ఎవరి కొడుకుననుకున్నారు? మా నాన్నే బతికుంటే దీన్ని పొద్దున్నే గడప దాటించేవాడు.”

“రక్తపరీక్ష చేయిద్దాం. నేనే తీసుకెళ్తాను.”

“అబద్ధం దొరికాక పరీక్ష ఎందుకండీ? మూడున్నరకి బస్సు. పద.”

కోడలు లేచింది. “అత్తయ్యా, ఇంక మీరు నాకోసం ఏమీ చెప్పకండి,” అంది మెల్లగా. “చెప్పినకొద్దీ నామీదకే వస్తోంది.”

షాపాయన అద్దం మీది స్ట్రిప్పులను వట్టినే సర్దుతూ నిలబడ్డాడు. తాను చెప్పిన వాటిలో ఒక్కటీ తప్పు లేదు. ఎక్కడా వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు.

ఇన్‌స్పెక్టరు బ్యాగు అందుకున్నాడు. తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“అది బస్సెక్కడానికి వీల్లేదురా. మాత్రలు నావే.”

“పెదవి పుళ్లకేగా?”

“పెదవికి కాదు.”

అతడి చేతిలో బ్యాగు అలాగే ఉండిపోయింది. “మరి?”

ఆమె కొడుకు మొహంలోకి చూడలేక కోడలివైపు చూస్తూ చెప్పింది.

“మీ నాన్న అంటించిపోయాడురా.”